సులోచన మేడం బోటనీ ల్యాబ్

ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్ల పక్కనుంచి వెళ్తుంటే చెక్క కోస్తున్న వాసన ముక్కుకు తగులుతుంది. నిన్నా తగిలింది. వెంటనే గవర్నర్‌పేటలోని మా డిగ్రీ కాలేజీ, అందులో మూడో అంతస్తులోని బోటనీ ల్యాబ్, ఆ ల్యాబ్‌లో సులోచన మేడం గుర్తొచ్చారు. గుర్తొచ్చిన ప్రతిసారీ నోరు చేదవుతుంది.

నేను పామర్రు నుంచి బస్సులో వచ్చి చదువుకునేదాన్ని. వరి పండించే ఇంట్లో పుట్టాను కాని, కాండం ఎలా లావెక్కుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. మేడం మొదటి రోజే లేత పొద్దుతిరుగుడు కాండమొకటి, ముదురుదొకటి చేతికిచ్చి, బ్లేడుతో పల్చగా కోయమన్నారు. నేను కోసినవి చూసి, “పప్పులోకి తరుగుతున్నావా అమ్మాయ్? మళ్ళీ కొయ్యి,” అన్నారు, నవ్వకుండానే. మధ్యాహ్నానికి వేలు తెగింది కాని, ముక్క ఉల్లిపొరలా వచ్చింది. దానికి ఎర్ర రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టారు. లేత కాండంలో విడివిడిగా ఉన్న నాళాల కట్టలు ముదురుదానిలో ఒకే వలయంగా కలిసిపోయాయి.

“ఆ సన్నటి వరస చూశావా? అదే కాంబియం. లోపలికి చెక్కని, బయటికి ఆహారం మోసే కణాల్ని పుట్టిస్తూ పోతుంది. మీ నాన్నగారి వరికి ఆ వరస లేదు. అందుకే అది ఎప్పటికీ గడ్డిగానే ఉండిపోతుంది.”

“ఈ ఎర్రగా ఉన్నవేంటి మేడం?”

“చెక్క. నీళ్ళు మోసే ఆ గొట్టాలన్నీ చచ్చిపోయిన కణాలే. నీళ్ళు పోవాలంటే లోపల ఖాళీ కావాలి. ఖాళీ కావాలంటే చావాలి.”

ఆ మాటలో జాలి లేదు. ఉన్నదున్నట్టు చెప్పడమే ఆవిడ పద్ధతి. ఆ పద్ధతే ఆవిడ కొంప ముంచింది.

మా చివరి సంవత్సరంలో కాలేజీ నడపడానికి కొత్త కరస్పాండెంటు వచ్చాడు. ఒకరోజు ల్యాబ్ గుమ్మంలో నిలబడి, మేమంతా వింటుండగానే అన్నాడు: “ప్రాక్టికల్స్‌కి టైమెందుకు వేస్టండీ మేడం? మార్కులు వేసేద్దాం. ఈ గదిలో ఎంట్రన్స్ కోచింగ్ పెడితే నాలుగు బ్యాచీలు నడుస్తాయి.”

“కొయ్యని ముక్కకి నేను మార్కులు వెయ్యనండి,” అన్నారు మేడం.

“వేసేవాళ్ళని చూసుకుంటాంలెండి.”

చూసుకున్నాడు. మా పరీక్షలు కాకముందే మేడంను పంపించేశారు. మైక్రోస్కోపులు ట్రాలీ ఆటో ఎక్కి వెళ్ళిపోయాయి.

నేనూ లెక్చరర్నయ్యాక ఒకసారి ఆవిడ ఇంటికి వెళ్ళాను. భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. వైద్యం కోసం ఆవిడ ఒక కోచింగ్ సెంటర్‌లో చేరారు. డైనింగ్ టేబుల్ మీద ప్రశ్నపత్రాలు తయారుచేస్తున్నారు.

“పిల్లలకి కాంబియం గురించి ఏం చెప్తున్నారు మేడం?” అని అడిగాను.

“ఏం చెప్తాను? జవాబు ‘సి’ అని చెప్తాను.” కాగితాలు పక్కకి జరిపి, “టీ తాగుతావా?” అన్నారు. ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాను.

పోయినేడాది మేడం పోయారు. చర్చిలో ప్రార్థనలయ్యాక కాలేజీవాళ్ళు తమ హాల్లో సంతాప సభ పెట్టారు. అదే కరస్పాండెంటు, అదే గొంతుతో, “ఆవిడ మా సంస్థకి మూలస్తంభం. ఆరోగ్యం సహకరించక తనంతట తానే వెళ్ళిపోయారు,” అన్నాడు.

నేను లేచాను. “వెళ్ళలేదండీ. మీరు పంపించారు,” అన్నాను.

హాలంతా నా వైపు తిరిగింది. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. ఇంతలో పక్కనే కూర్చున్న మేడం కూతురు గ్రేస్ నా ముంజేయి గట్టిగా పట్టుకుంది.

“కూర్చో అక్కా. నీకు దణ్ణం పెడతాను. మా తమ్ముడు ఇక్కడే పనిచేస్తున్నాడు.”

కూర్చున్నాను. కరస్పాండెంటు గొంతు సవరించుకుని, మేడం ఫొటోకి దండ వేశాడు. అందరూ లేచి నిలబడి మౌనం పాటించారు.

మంచి గురువు దొరికితే కృతజ్ఞత మిగులుతుందంటారు. నాకు కోపం మిగిలింది. వయసుతో పాటు తగ్గుతుందిలే అని మా ఇంట్లోవాళ్ళు అంటారు. తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ నాకు లేదు.