అక్క రిపోర్టుల మీద నా సంతకం

తిరుపతిలో ఒక చిన్న ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. వచ్చినవాళ్ల చేతుల్లోంచి రక్తం తీసి, మిషన్లో పెట్టి, వచ్చిన అంకెలను కాగితం మీదికి ఎక్కించి, కింద సంతకం పెట్టి ఇవ్వడం నా పని. ఆ చేతుల్లో మా అక్క చెయ్యి కూడా ఒకటి. దాని గురించి రాద్దామని చాలాసార్లు కూర్చుని లేచిపోయాను. నన్ను నేను కాస్త మంచివాడిగా చూపించుకునే దారి దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. మాది ఐరాల దగ్గర పల్లె. నాయన అక్కడే సేద్యం చేసుకుంటూ ఉండిపోయాడు. మేమిద్దరం తిరుపతిలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. అక్కకు రేణిగుంట దగ్గర సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఉదయం కంపెనీ బస్సు వచ్చేలోపు మూడుసార్లు, నాలుగుసార్లు బాత్రూమ్‌కి వెళ్లొచ్చేది.

"ఏమక్కా, కడుపు బాగలేదా?" అని అడిగితే, "వేడి చేసినాదిలేరా" అనేది.

ఫోన్లో నాయనకు చెబితే ఆయన వైద్యం ఆయన చెప్పాడు. "దానిమ్మ తొక్కు ఎండబెట్టి, దంచి, మజ్జిగలో తాపియ్యి. ఆ క్యాంటీన్ కూడు తింటే ఇంతే మల్ల." తొక్కు ఎండబెట్టాను, దంచాను, తాపించాను. అక్క కళ్లు మూసుకుని తాగేది.

ఏడాది తిరిగేసరికి ఒకరోజు ఫ్యాక్టరీలో పని చేస్తూ చేస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. మర్నాడు మా ల్యాబ్ పైన ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరుది పెద్ద వయసు, మంచి పేరు. ఆయన రాసే చీటీల మీదే మా ల్యాబ్ నడుస్తుంది. అక్క నాలుక చూశాడు, కళ్ల కింది రెప్ప లాగి చూశాడు, చీటీ రాశాడు. విరేచనాలు ఎన్నాళ్లుగా అవుతున్నాయో అడగలేదు. కిందికొచ్చి నేనే రక్తం తీశాను. హిమోగ్లోబిన్ ఎనిమిది. టైఫాయిడ్ ఉంటే పరీక్షలో రక్తపు చుక్క గడ్డ కడుతుంది; అక్కది సన్నగా, ఉందా లేదా అన్నట్టు కట్టింది. ఆ మాత్రం మా ఊళ్లో సగంమందికి కడుతుంది.

మా అక్క కదా అని, చీటీలో లేకపోయినా సి.ఆర్.పి. కూడా పెట్టాను. ఒంట్లో ఎక్కడైనా వాపు, మంట ఉంటే పెరిగే అంకె అది. ఆరు దాటకూడదు. అరవై రెండు వచ్చింది. ప్లేట్‌లెట్లు కూడా ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయి. కాగితం పట్టుకుని మళ్లీ పైకెక్కాను.

"సార్, సి.ఆర్.పి. బాగా ఎక్కువుండాది."

"టైఫాయిడ్ కదప్పా, ఉండదా మరి? నువ్వు రక్తం తియ్యి, మందు నేను రాస్తా" అన్నాడు నవ్వుతూ.

నేను కూడా నవ్వి దిగి వచ్చాను. ఆయన మాటకు ఎదురు చెబితే ల్యాబ్ ఓనరు ఊరుకోడని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అదొక్కటే నిజం కాదు. ఆ జవాబు నాకు హాయిగా ఉంది. టైఫాయిడ్ అంటే వారం మందులు వాడితే పోయే జబ్బు.

పోలేదు. తర్వాతి పద్నాలుగు నెలల్లో అక్కకు మూడుసార్లు టైఫాయిడ్ అన్నాడు. మూడుసార్లూ యాంటీబయాటిక్స్, ఐరన్ మాత్రలు. రిపోర్టులన్నీ నా చేతిమీదుగానే వెళ్లాయి. సి.ఆర్.పి. ఒక్కసారి కూడా నలభైకి దిగలేదు. రక్తంలో ఉండాల్సిన ప్రొటీను, ఆల్బుమిన్, మొదట కనీసం ఉండాల్సిన మూడున్నరకు కాస్త తక్కువ, తర్వాత మూడుకు తక్కువ, ఆ తర్వాత రెండున్నర. అది పడిపోయిందంటే కాలేయమైనా చెడాలి, మూత్రపిండాలైనా చెడాలి, పేగులోంచైనా కారిపోతూ ఉండాలి. అక్క కాలేయం, మూత్రపిండాలు శుభ్రంగా ఉన్నాయి. మిగిలిందేమిటో నాకు తెలుసు. చదువుకునేటప్పుడు పరీక్షలో ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

ప్రతి రిపోర్టు అడుగున 'వివరాలకు మీ డాక్టరును సంప్రదించండి' అని అచ్చై ఉంటుంది. దాని కిందే నా సంతకం.

ఆ రోజుల్లో అక్క పగలు అన్నం మానేసింది. ఎవరు ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్లారో, ఎన్ని నిమిషాలున్నారో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరమ్మ రాసిపెట్టేది. "తినకుంటే పోయే పనుండదు కదరా" అని అక్క నవ్వేది. ఒకరోజు మధ్యాహ్నమే ఆటోలో ఇంటికొచ్చేసింది. నేను వచ్చేసరికి యూనిఫామ్ ప్యాంటు ఒక్కటే ఉతికి దండెం మీద వేసి ఉంది.

"పని మానేసినా" అంది.

"ఎందుకక్కా?"

"నిలబడితే కాళ్లు నొప్పి."

అంతకు మించి నేను అడగలేదు.

ఆమెను అసలైన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేను కాదు, మా ఇంటి ఓనరమ్మ. అక్క మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోవడం చూసి, ఊళ్లోకి కొత్తగా వచ్చిన కడుపు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. పాత రిపోర్టులన్నీ తెమ్మంటే నేను పట్టుకుని పరుగెత్తాను. ఆ డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. కాగితాలను తేదీల వరసలో బల్ల మీద పరిచి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే మేడమ్."

"ఈమెకు మీరేమవుతారు?"

"తమ్ముణ్ణి."

ఆమె అక్క వైపు తిరిగింది. "మోషన్లో రక్తం పడుతోందామ్మా?"

"పడతా ఉండాది మేడమ్. రెండేండ్లయింది."



"మరి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదే?"

"ఎవురూ అడగలేదు మేడమ్" అంది అక్క. కోపంగా కూడా అనలేదు.

రక్తపరీక్ష ఒక్కటే జబ్బు పేరు చెప్పదనీ, లోపల ఏదో మండుతోందని మాత్రం చెబుతుందనీ, ఈ కాగితాలు ఏడాదికి పైగా అదే చెబుతున్నాయనీ డాక్టరమ్మ అంది. టైఫాయిడ్ ఇన్నాళ్లు ఉండదంది. మలపరీక్ష చేయించి, తర్వాత గొట్టం వేసి పేగు లోపల చూసింది. అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొరంతా పుండు పడి ఉంది, ఈ చివర నుంచి ఆ చివరిదాకా.

పెద్దాసుపత్రిలో చేర్చి స్టెరాయిడ్లు ఎక్కించారు. సి.ఆర్.పి. నాలుగు రోజులు తగ్గి మళ్లీ లేచింది. ఇంకో మందు ఇచ్చారు, అదీ పనిచెయ్యలేదు. మూడో వారంలో ఆపరేషన్ చేసి పెద్దపేగు తీసేశారు. పొట్టకు కుడిపక్క మలం బయటికి రావడానికి రంధ్రం, దానికో సంచి. "ముందే వచ్చుంటే మందులకు లొంగేదేమో, చెప్పలేం" అన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు. ఆ 'చెప్పలేం'ను పట్టుకుని నేను చాలా రోజులు నిద్రపోయాను.

వార్డులో ఒక సాయంత్రం అక్కకు గంజి తాగిస్తుంటే గ్లాసు పక్కకు నెట్టింది.

"నీకు తెలుసు కదరా?"

"తెలుసని కాదక్కా. అనుమానం."

"ఎప్పట్నించి?"

"రెండో రిపోర్టప్పుడు."

"మరి?"

"సి.ఆర్.పి. ఎక్కువుండాదని డాక్టరుకు ముందే చెప్పినా."

"నాకు?"

నేను గ్లాసు తీసి మళ్లీ ఆమె నోటి దగ్గర పెట్టాను. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. సంచి ఉన్న పక్కకు తిరగొద్దని నర్సు వచ్చి కేకలేసేదాకా అలాగే ఉంది.

ఇప్పుడు అక్క చంద్రగిరిలో ఒక్కతే ఉంటుంది. అక్కడొక బట్టల కొట్లో బిల్లులు కొడుతుంది. ఒళ్లు చేసింది, రాలిపోయిన జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చింది. సంచి సంగతి కొట్లో వాళ్లకు తెలియదు. నేను ఆ ల్యాబ్‌లోనే ఉన్నాను. పైన ఆ డాక్టరూ ఉన్నాడు. మూడు నెలలకోసారి టైఫాయిడ్ చీటీతో వచ్చేవాళ్లను ఇప్పుడు పక్కకు పిలిచి, రక్తం పడుతోందా అని అడుగుతున్నాను. కొందరు తిట్టుకుంటూ పోతారు, కొందరు తల వంచుకుని చెబుతారు. అడగడానికి అర నిమిషం కూడా పట్టదు. 

పోయిన నెల అక్కకు ఫోన్ చేశాను.

"రక్తం పరీక్ష చేయించినావా అక్కా?"

"చేయించినా. ఈడే, బస్టాండు కాడ ల్యాబ్‌లో."

"సి.ఆర్.పి. ఎంతొచ్చింది?"

"డాక్టరమ్మ సూసింది. బాగుండాదనింది."

"బాగుంటే సరే. ఎంతో చెప్పు."

"నీకెందుకురా?" అంది. పొయ్యి మీద పాలున్నాయంటూ ఫోన్ పెట్టేసింది.