చెట్టు మీద మోపిన చావు

మధ్యాహ్నం రెండుంబావుకు కరెంటు పోయింది. మే నెలలో అది వింత కాదు. కరీంనగర్‌లో మా గల్లీ నిండా మరమగ్గాలే, వాటిని సాంచెలంటాం. అవన్నీ ఒక్కసారిగా ఆగాయి. రేకుల షెడ్లలోంచి అందరూ వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నారు. కరెంటు పోతే కూర్చోవడం, రాగానే లేచిపోవడం ఇక్కడి అలవాటు. నేసిన మీటరుకింత అని కూలి. కరెంటు ఉండగా నీడలో కూర్చున్న సాంచెల మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఆ రోజు చెట్టు కింద కోత మిషను పట్టుకుని కూలీలు ముందే నిలబడి ఉన్నారు. సిమెంటు రోడ్డు వేసే కాంట్రాక్టరు వాళ్లను తెచ్చాడు. పక్కన గల్లీ మూల మీది ఇంటి పెద్దమనిషి.

చెట్టు గల్లీకి అడ్డమన్న మాట నిజమే. కారు పట్టదు. చలికాలం చివర నా భార్యకు గుండెనొప్పి వస్తే అంబులెన్సు మూల మీదే ఆగింది. ఇరుగుపొరుగు ఆమెను మంచంతోనే ఎత్తుకుపోయారు. దవాఖానలో రెండు రోజులుండి చనిపోయింది. దారిలో పోయిన ఆ కాస్త సమయం మిగిలితే బతికేదా అని డాక్టరును అడిగాను. ఆ గుండెకు దానితో తేడా ఉండేది కాదన్నారు. జవాబు వేరుగా వచ్చి ఉంటే చెట్టు గురించి ఏమనేవాణ్ణో తెలియదు. రాలేదు.

దినాలు కాగానే పెద్దమనిషి, చెట్టు వల్లే పోయిందంటూ ఆమె చావును ఊరంతా తిప్పారు. ఆయన కొత్తగా కారు కొన్నారు. నన్నూ కలిసి, నువ్వొక్క మాట చెప్తే చెట్టు రేపే పోతుందన్నారు. చెప్పనన్నాను. దుఃఖంలో ఉన్నాడని నా తరఫున తానే చెప్పుకొచ్చారు.

నా భార్య ఎండాకాలమంతా ఆ చెట్టు కిందే రాట్నం పెట్టుకుని కండెలకు నూలు చుట్టేది. రేకుల కింద పది దాటితే కూర్చోలేం. పక్క గల్లీలో రోడ్డు కోసం చెట్లన్నీ కొట్టేశారు. అక్కడ పొద్దుగూకాక కూడా గోడకు వీపు ఆనించలేరు. కూలర్లు వేడిగాలే కొడతాయి. అక్కడి ఆడవాళ్లు రాట్నాలు మోసుకుని మా గల్లీకి వస్తారు. ఆమె జరిగి వాళ్లకు జాగా ఇచ్చేది.

కాంట్రాక్టరు అందర్నీ లేవమన్నాడు. పెద్దమనిషి పోయినామెను తలుచుకొమ్మన్నారు, రేపు ఇంకెవరికైనా అట్లా అయితే ఎవరు జిమ్మేదారని అడిగారు. అందరూ నా వైపు చూశారు.

"అన్నా, ఆమెను సంపింది చెట్టు గాదు," అన్నాను. "ఆమె పేరు జెప్పి దీని మీద మిషను పెట్టద్దు."

ఏసీ పెట్టించుకోరాదా సారూ అని కాంట్రాక్టరు నవ్వాడు.

రాట్నం ముందున్న ముసలామె తలెత్తలేదు. "గల్లీకి పెట్టిస్తవా బిడ్డా, నా ఒక్క ఇంటికేనా?" అంది. అందరూ నవ్వారు. ఆమె పెద్దమనిషి వైపు తిరిగింది. "అంబులెన్సు ఆగిన కాడ గిప్పుడు నీ కారు ఉన్నది మామా. ఇంకోపారి వస్తె గది యాడ ఆగాలె?"

ఆయన ఏదో అనబోతుంటే కరెంటు వచ్చింది.

షెడ్లలో బల్బులు వెలిగాయి. ఇక లేస్తారని కాంట్రాక్టరు మిషను చేతిలోకి తీసుకున్నాడు. లేస్తారనే నేనూ అనుకున్నాను. ఒకాయన అలవాటుగా సగం లేచి, చుట్టూ చూసి మళ్లీ కూర్చున్నాడు. రాట్నం ఒక్కటే తిరుగుతోంది. కరెంటు ఉండి సాంచెలు ఆడకపోతే గల్లీ ఎట్లా ఉంటుందో ఆ పూటే తెలిసింది. వాళ్ల కూలి పోతోంది. అది అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎండ గోడల మీదికి జరిగేదాకా కూర్చున్నారు. కాంట్రాక్టరు పైనుంచి మాట తెచ్చుకుంటానని చెప్పి కూలీలను తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

రోడ్డు చెట్టుకు రెండు వైపులా వేశారు. మురుగునీటి మోరీ చెట్టును చుట్టుకుని వంకరగా పోతుంది. కారు ఇప్పటికీ పట్టదు. మంచం బరువు కాబట్టి గల్లీవాళ్లం కలిసి ఒక స్ట్రెచర్ కొని నా వరండాలో పెట్టాం. ఒకసారి ఒకతనికి పనికొచ్చింది, అతను దవాఖాన నుంచి తిరిగొచ్చాడు. చెట్టు వల్ల బతికాడని నేను అనలేదు.

పెద్దమనిషి ఎదురైతే ఎండ గురించి మాట్లాడతారు. రోడ్డు మాట వచ్చినప్పుడు నా భార్య చావును ఇప్పుడు ఎవరూ ఎత్తరు.