మొలతాడు వదులైన ఏడాది

మా బాపు నడుముకు ఒక గాటు ఉండేది. మొలతాడు ఒరుసుకుని పడిన గాటు. స్నానం చేసి పంచె మార్చుకునేటప్పుడు పొట్ట కింద ఎర్రగా కనిపించేది. నల్లదారం కండలోకి దిగబడిపోయి, ముందు నుంచి చూస్తే అసలు ఉందో లేదో తెలిసేది కాదు. మంట పుట్టినప్పుడు అమ్మ అక్కడ కొబ్బరినూనె రాసేది. అంతే తప్ప అది ఒక ప్రమాదానికి గుర్తని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

బేగంబజార్‌లో మాది బెల్లం, చింతపండు టోకు దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. డెబ్బైల్లో ఆ గల్లీలో సావుకారి అంటే తెల్లటి గద్దీ మీద దిండుకు ఆనుకుని, గద్దీ నిండేలా కూర్చోవాలి. సన్నగా ఉంటే గిరాకీలు గుమాస్తా అనుకుంటారని మా మేనత్త నవ్వేది. ఒళ్లంటే మా వాళ్లకు పరువు. ఎవరైనా నాలుగు రోజులకు ఇంటికి వస్తే ముందు బుగ్గలు చూసేవాళ్లు, తర్వాతే క్షేమం అడిగేవాళ్లు.

ఒక మధ్యాహ్నం భోజనానికి పైకి వస్తూ బాపు మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మంచినీళ్ల చెంబు అందిస్తే పట్టుకోలేకపోయాడు, పెదవులు నల్లబడ్డాయి. మర్నాడు అఫ్జల్‌గంజ్‌లో ఒక ముసలి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన చేతికి పట్టీ చుట్టి, చూసి, విప్పి, మళ్లీ చుట్టాడు.

"సేట్ సాబ్, బీపీ మస్తుగుంది. ఒళ్లు తగ్గకుంటే ఏదో ఒకనాడు కాలో చెయ్యో పడిపోతది."

బాపు ముఖం చిన్నబోయింది. "అయితే రేపట్నుంచి ఒక్కపొద్దుంట," అన్నాడు.

"తౌబా తౌబా! ఉపాసముంటే దిగేది ఒళ్లు కాదు, తాకత్. తినుండ్రి. కానీ కడుపు నిండకముందే లేవుండ్రి. పొద్దుగాల నడువుండ్రి. ఏండ్లకేండ్లు ఎక్కిన ఒళ్లు, నెలల దిగుతదా? జర సబర్ పట్టుండ్రి."

తగ్గిందో లేదో ఎట్లా తెలియాలని బాపు అడిగాడు. దుకాణంలో బస్తాలు తూచే కాంటా ఉంది కానీ, సరుకు తూచేదాని మీద మనిషి ఎక్కకూడదని మా తాత నాటి పట్టింపు. డాక్టరు నవ్వాడు. "మొలతాడు గట్టుకుంటరు గద. గదే చెప్తది."

ఆ రోజు నుంచి ఇంట్లో నేనే పోలీసునయ్యాను. బాపు వెండి కంచం తీసి అలమారలో పెట్టి, నా చిన్న స్టీలు పళ్లెం ఆయన ముందు పెట్టాను. అన్నం సగమైంది. ఆ సగం చోట ఆకుకూరా, జొన్నరొట్టే చేరాయి. పెరుగుకు బదులు మజ్జిగ. పప్పులో నెయ్యి బందు. సాయంత్రాలు దుకాణానికి మిర్చీ బజ్జీల పొట్లం వస్తుంది. అందరి చేతులూ అటు పోతుంటే ఒక్కడే చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎవరివల్లా కాదు. అందుకని ఆయన జేబులో గుప్పెడు పుట్నాలు పోసి పంపేదాన్ని. బాపు పళ్లెం కేసి చూసి, "కోడిపిల్లకు పెట్టినట్టు పెడ్తున్నవ్ బిడ్డా," అని నవ్వేవాడు. నవ్వుతూనే తినేవాడు.

తెల్లవారుజామున ఇద్దరం నడిచేవాళ్లం. మొదట్లో అఫ్జల్‌గంజ్ దాకా పోవడమే గగనం. మూసీ ఒడ్డున నిలబడి గోడ పట్టుకుని రొప్పేవాడు. ఊపిరి పీలిస్తే కంపు, ముక్కు మూసుకుంటే ఊపిరి ఆడదు. "ఇదేం శిక్షే," అనేవాడు. నేను గద్దించేదాన్ని కాదు. "ఇంకొక్క కరెంటు స్తంభం, బాపూ," అనేదాన్ని. ఆ స్తంభం దాటాక ఇంటికి మళ్లించేదాన్ని, మర్నాడు దాని తర్వాతి స్తంభం. చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి నయాపూల్ దాటి అవతలి ఒడ్డున చాయ్ తాగి తిరిగొస్తున్నాం. చాయ్‌లో చక్కెర కూడా సగమే.

ఒక పొద్దున ఆయన మెట్లు ఆగకుండా ఎక్కేశాడు. పైకి వచ్చాక గానీ ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. స్నానమయ్యాక నన్ను పిలిచి, మొలతాడు కిందికి చూపుడువేలు దూర్చి, "చూసినవా?" అన్నాడు. గాటు ఎరుపు తగ్గి గోధుమరంగుకు వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పరీక్ష పాసైనప్పుడు కూడా నేనంత సంతోషపడలేదు.

ఒళ్లు ఎట్లా తగ్గించుకోవాలని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ఆ డాక్టరు మాటలే చెప్తాను. పస్తులొద్దు, తొందరొద్దు, పళ్లెం చిన్నది పెట్టుకోండి, రోజూ నడవండి. ఇంకొకటి మాత్రం నేను కలుపుతాను. మీరెందుకు తగ్గుతున్నారో ముందు ఇంట్లో వండిపెట్టే మనిషికి అర్థమయ్యేలా చెప్పండి, ఊళ్లో వాళ్లు ఆమెను ఏమనబోతున్నారో కూడా చెప్పండి. డాక్టరు మాకు ఇది చెప్పలేదు. ఆయనకు మా బంధువులు తెలియరు కదా.

బుగ్గలు తగ్గగానే గల్లీకి దిగులు పట్టుకుంది. తెల్లారి బస్తాలు దించే హమాలీ, "క్యా సేఠ్, తబియత్ ఖరాబ్ హై క్యా?" అని, ఒంట్లో బాగాలేదేమోనని ఆగిపోయేవాడు. షుగరన్నారు కొందరు. గొంతు తగ్గించి క్షయ అన్నారు ఇంకొందరు. దందా మునిగిందని, అందుకే రిక్షా మానేసి కాలినడకన తిరుగుతున్నాడని ఒక మాట లేచింది. బార్కస్ నుంచి వచ్చే పాత గిరాకీ ఒకాయన బుట్టెడు జామకాయలు తెచ్చి, తొందరగా కోలుకోవాలని దువా చేసి పోయాడు. ఒళ్లు బాగుపడటానికే తగ్గుతున్నానని బాపు ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. బాపు ఇవన్నీ నవ్వులాటగా తీసుకున్నాడు. ఆయన్ని జాలిగా చూశారు అంతే. నింద మాత్రం అమ్మ మీద పడింది.

ఒక పెళ్లిలో ఆడవాళ్ల బంతిలో మేనత్త అమ్మ పక్కన కూర్చుంది. అందరికీ వినబడేట్టు అంది: "వదినా, మా అన్నకు కడుపునిండ పెడ్తలేవా ఏంది? మొకం జూడు, ఎట్ల పీక్కపోయిందో. మా అమ్మ ఉంటె గిట్లుండనిచ్చేదా?"

బంతిలో నలుగురు నవ్వారు. అమ్మ లడ్డూ తుంచబోయి, ఆ చెయ్యి విస్తరి మీదే ఉంచేసింది. ఇంటికొచ్చేటప్పుడు రిక్షాలో నేను మేనత్తను తిట్టుకుంటూ కూర్చున్నాను, అమ్మ ఏమనుకుంటోందో అడగాలని నాకు తట్టలేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. నడక ఆగలేదు, పళ్లెం మారలేదు. అయినా మొలతాడు బిగిసింది. వేలు దూరడం లేదని బాపు బిక్కమొహం వేసుకుని చూపించాడు. నాకేం అంతుబట్టలేదు. ఒక పొద్దున వంటింట్లో రాత్రి మిగిలిన పప్పుగిన్నె మూత తీశాను. చలికి పప్పు మీద తెల్లగా, మందంగా నెయ్యి పేరుకుని ఉంది. జొన్నపిండి ముద్ద పట్టుకుంటే వేళ్లకు జిడ్డు అంటింది.

"బాపును నువ్వే చంపుతవా?" అని అరిచాను.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "నల్గురు నన్నే అంటున్రు. మొగనికి కడుపుకు పెట్టనిదాన్నైన. పేరంటాలకు పోతె ఆడోళ్లు నా దిక్కే చూస్తున్రు. నువ్వు పడ్తవా గా మాటలు?" అంది. చెంగుతో కళ్లు తుడుచుకుంటూనే రొట్టె తిప్పింది.

బాపు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఏమంటాడో అని చూశాను. ఆయన నేరుగా అలమార దగ్గరికి పోయి తన వెండి కంచం తీసుకొచ్చి, పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"పెట్టు," అన్నాడు అమ్మతో.

"బాపూ, డాక్టర్ ఏం చెప్పిండు?" అన్నాను.

"మీ అమ్మ ఒక మాట పడితె నాకు తిన్నది ఒంటబట్టది బిడ్డా. ఒళ్లు నాదే గద. నేను జూసుకుంటలే."

ఆ ప్రేమ మీద నాకు ఇప్పటికీ కోపమే. వాళ్లలో ఎవర్నీ తప్పుపట్టలేక వచ్చే కోపం అది. ఒకరి పరువు ఒకరు కాచుకుంటూ ఇద్దరూ కలిసి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంటే, స్టీలు పళ్లెం చేతిలో పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

కొన్నాళ్లకు నడక కూడా తగ్గింది. ఉగాదికి వచ్చిన మేనత్త గుమ్మంలోనే చప్పట్లు కొట్టినంత పని చేసి, "గిప్పుడు జూడు, మా అన్న మా అన్న లెక్కున్నడు," అంది. అమ్మ ముఖం వెలిగిపోయింది. చాలా రోజుల తర్వాత అమ్మ నవ్వడం చూసి నాకు సంతోషమూ భయమూ రెండూ కలిగాయి.

వానలు మొదలైన రోజుల్లో బాపు గద్దీ మీదే పక్కకు ఒరిగిపోయాడు. కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి. మాట పోయింది. డాక్టరు ఇంటికే వచ్చాడు. బాపు నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

తర్వాతంతా మంచమే. ఉప్పు తగ్గించిన జావ, నెయ్యి లేని పప్పుకట్టు అమ్మ చెంచాతో పోస్తే సగం పెదవి పక్కనుంచి కారిపోయేది. బుగ్గలు పోయాయి, పొట్ట పోయింది, మెడ కింద చర్మం వేలాడింది. మరుసటి దసరాకు కొత్త మొలతాడు కట్టడానికి అమ్మ ఎప్పటి కొలతకే దారం తెచ్చింది. అది ఆయన నడుము చుట్టూ తిరిగాక ఇంకా జానెడు మిగిలింది. ముడి వేశాక, వెనకటి గాటు ఉండే చోట అమ్మ వేలితో తడిమి చూసింది. అక్కడ చర్మం నున్నగా ఉంది.

ఆ పండక్కి చూడటానికి చాలామంది వచ్చారు. హమాలీలు వచ్చారు, గల్లీలోని సావుకార్లు వచ్చారు, బార్కస్ ఆయన మళ్లీ జామకాయలు తెచ్చాడు. మేనత్త మంచం పక్కన కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుంది. "నీ అంత మంచిగ అరుసుకునేటోళ్లు ఎవ్వరున్నరు వదినా," అంది. అందరూ అవునన్నారు. ఎందుకింత చిక్కిపోయాడని మాత్రం ఆ రోజు ఒక్కరూ అడగలేదు.