బోరు నీళ్ళ చుక్కలు

మా ఆయన ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోలో సినిమాలకు రంగులు సరిదిద్దుతారు. షూటింగు అయిపోయి, ఎడిటింగు కూడా అయిపోయాక సినిమా ఆయన దగ్గరికొస్తుంది. మబ్బులో తీసిన సీనూ ఎండలో తీసిన సీనూ పక్కపక్కన పడితే రెండూ ఒకే పూట జరిగినట్టు చేయడం, హీరోయిన్ ముఖం మీద పడిన పాలిపోయిన వెలుతురును తీసేయడం, ఇలాంటివి ఆయన పనులు. ఈ మధ్య ఇంకొకటి చేరింది. డిజిటల్ కెమెరాతో అద్దంలా తీసిన బొమ్మను పాతకాలం ఫిల్ము మీద తీసినట్టు చేయమంటున్నారు. శుభ్రంగా ఉన్నదాని మీద సన్నటి ఇసుక చల్లినట్టు గరుకు వేయాలి, కాస్త వెలిసిపోయినట్టు చేయాలి. పొద్దంతా ఆ పని చేసి ఇంటికొచ్చి, నిజం ఫిల్ముతో నిజం గరుకు తెచ్చుకుంటున్న నన్ను చూసి ఆయన నవ్వేవారు.

నా కెమెరా మా నాన్నది. బెజవాడలో బీరువా సర్దుతూ మా అమ్మ ఫోన్ చేసి, "ఇది పారేయనా, నువ్వు తీసుకెళ్తావా?" అంది. తెచ్చుకున్నాను. నేను మధురానగర్‌లో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పేపర్లు దిద్దడం తప్ప చేత్తో చేసే పని నాకేదీ లేదు. ఆ కెమెరాలో నలుపు తెలుపు రీలు వేసుకుని ఆదివారాలు బయల్దేరేదాన్ని. మా వీధి చివర బండల మీద ఆరేసిన దుప్పట్లు, బోరబండ స్టేషన్లో పూలబుట్టకు చేరగిలబడి నిద్రపోయే మనిషి, జూబ్లీహిల్స్‌లో పెద్ద బంగళా గేటు ముందు కుర్చీలో కూచుని జామకాయ తినే వాచ్‌మన్. రీలు కడగడానికి బయట ఇస్తే వారాల తరబడి రావడం లేదని కడగడం కూడా నేర్చుకున్నాను.

దీనికి చీకటిగది ఉండాలని అందరూ అనుకుంటారు. అక్కర్లేదు. చేతులు దూర్చడానికి రెండు తొడుగులున్న నల్లసంచి ఒకటి దొరుకుతుంది. రీలూ, దాన్ని చుట్టే చక్రమూ, వెలుతురు పోకుండా నీళ్ళు మాత్రం పోయే మూతున్న డబ్బానూ ఆ సంచిలో పెట్టి జిప్పు వేసి, చేతులు దూర్చి, తడుముకుంటూ రీలును చక్రానికి ఎక్కించాలి. చక్రం డబ్బాలోకి వెళ్ళి మూత పడితే ఇక భయం లేదు. మందునీళ్ళు పోసి ఊపడం, పారబోయడం, కడగడం అంతా బాత్రూంలో పట్టపగలే చేసుకోవచ్చు. ఎండాకాలం మా కుళాయి నీళ్ళు టీ పెట్టుకునేంత వేడిగా వస్తాయి కాబట్టి ఐసుముక్కలు మాత్రం సిద్ధంగా ఉండాలి.

నేను సోఫాలో కూచుని సంచిలో చేతులు పెట్టుకుని తడుముతుంటే మా ఆయన గారడీ చూడ్డానికొచ్చినట్టు ఎదురుగా కుర్చీ వేసుకుని కూచునేవారు.

"కుందేలు ఎప్పుడొస్తది?"

"మీరు మాట్లాడించకపోతే తొందరగా వస్తుంది."

కడిగి ఆరబెట్టిన రీలును కంప్యూటర్లోకి ఎక్కించాలి కదా. కింద తెల్లటి లైటు పలక, దాని మీద రీలు, పైన స్టాండుకు కట్టిన డిజిటల్ కెమెరా. ఒక్కొక్క బొమ్మనూ ఆ కెమెరాతో ఫొటో తీసుకుంటాను. ఇది చూసిన రోజు మాత్రం ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు.

"చివరికి డిజిటల్ కెమెరాతోనే తీస్తున్నవ్ గదా! మొదలే దాంతోని తీస్తే అయిపోవు గదనే. మధ్యల గీ బాత్రూం ప్రయాణమంతా ఎందుకు?"

నేను తర్వాతి బొమ్మను పలక మీదికి జరిపాను.

ఒక రోజు మా కాలేజీకి సెలవు. ఆయన పొద్దున్నే స్టూడియోకి వెళ్ళారు. మొదటి సినిమా తీస్తున్న ఒక కుర్ర దర్శకుడు వారం రోజులుగా ఆయన్ను కూచోబెట్టి, పాత ఫొటోలా ఉండాలి, ఏదో తక్కువైంది, ఏంటో చెప్పలేను అంటూ ప్రాణం తీస్తున్నాడట. నేను తీరిగ్గా సంచిలో చేతులు పెట్టి రీలు ఎక్కిస్తున్నాను. అంతకుముందు ఆదివారం షేక్‌పేటలో మా అత్తగారింటి దగ్గర తీసిన రీలది. సగం ఎక్కిందో లేదో కాలింగ్ బెల్లు మోగింది.

పలకలేదు. మళ్ళీ మోగింది. తర్వాత అరచేత్తో తలుపు బాదడం మొదలైంది. ఆ బాదుడు మా అత్తమ్మది.

"లోపలే ఉన్నవ్ గదా బిడ్డా, ఫ్యాను తిరుగుతున్నది ఇనవడ్తుంది. తలుపు తియ్యి."

"చేతులు ఖాళీ లేవత్తమ్మా! జర ఆగండి!"

"ఏమైంది చేతులకు?"

"ఏం కాలేదు. సంచిలో ఉన్నాయి."

బయట ఆమె ఎవరితోనో గుసగుసగా ఏదో అంది. ఈ మాట ఆమెకు ఏ రకంగానూ ధైర్యం ఇచ్చినట్టు లేదు. మొత్తానికి నేను లేచి, సంచిని పొట్టకు అదుముకుని, మోచేత్తో గడియ పైకి నెట్టి తలుపు తీశాను. అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయల సంచి. నా రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగుడ్డలో ఉండటం చూసి ఆమె చిక్కుడుకాయలు అక్కడే వదిలేసింది.

"అయ్యో నా తల్లీ, కాల్చుకున్నవా? నూనె మీద పడ్డదా? గందుకేనా తలుపు తీయకపోయినవ్?"

"కాలలేదత్తమ్మా. ఫొటోల పని."

"ఫొటోలకు పట్టీలెందుకు కడ్తరు? నాకు చెప్తలేవు నువ్వు. చూడనియ్యి." ఆమె నన్ను సోఫాలోకి తోసి జిప్పు పట్టుకుంది.

"వద్దత్తమ్మా! వెలుతురు పడుతుంది!"

"వెలుతురు పడకుంటే దెబ్బ ఎట్ల కనవడ్తది?" అంటూ జిప్పు లాగేసింది.

లోపల నా చేతులు క్షేమంగా ఉన్నాయి. ఒక చేతిలో చక్రం, ఇంకో చేతిలో వేలాడుతున్న ఫిల్ము. ఆమె నా అరచేతుల్ని తిప్పి తిప్పి చూసి, నిట్టూర్చి, నెమ్మదిగా జిప్పు మూసింది, గిన్నె మీద మూత పెట్టినట్టు. "ఏం కాలేదు," అని నాకే చెప్పింది.

కానీ ఈలోపల, తలుపు బయట ఉన్నప్పుడే, ఆమె కొడుక్కి ఫోన్ చేసేసిందని నాకు తెలియదు. నేను మిగిలిన రీలు ఎక్కించి డబ్బా మూత బిగించి, ఆమెకు టీ పెట్టాను. ఇద్దరం టీ తాగుతుంటే మా ఆయన మెట్లెక్కి పరిగెత్తుకొచ్చారు. వెనకాల, ఆయన్ను కారులో దింపిన కుర్ర దర్శకుడు.

"చేతులకేమో అయిందన్నవ్ గదా?" ఆయన వాళ్ళమ్మను అడిగారు.

"అయిందనుకున్న. ఏం కాలే. టీ తాగుతవా?"

ఆయన నా వైపు తిరిగి గట్టిగా ఏదో అనబోయి, పక్కన మనిషి ఉండటంతో మింగేశారు. దర్శకుడు ఇబ్బందిగా నవ్వుతూ, ఎక్కడ నిలబడాలో తెలియక కంప్యూటరు దగ్గరికెళ్ళాడు. తెరమీద బోరబండ స్టేషను ఫొటో తెరిచి ఉంది. అతను వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అన్నా, ఒక్కసారి ఇలా రండి. వారం నుంచి నేను అడుగుతున్నది ఇదే."

మా ఆయన వెళ్ళి చూశారు. ఆ ఫొటో ఆయన అంతకుముందు చూసిందే. చూసి, స్టేషన్లో మంచు కురుస్తుందా అని అడిగిందే.

"మా ఆమె తీసింది," అన్నారు, ఎవరో చేసిన నేరాన్ని తాను ఒప్పుకున్నట్టు.

దర్శకుడు నా వైపు తిరిగాడు. "మేడమ్, ఈ తెల్ల చుక్కలు ఎలా వేశారండీ? పైన ఒక చోట చిక్కగా, కింద పల్చగా, ఎక్కడా ఒకేలా లేవు. ఏ సాఫ్ట్‌వేర్?"

అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది. "వేయలేదండీ, పడ్డాయి. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్ళు."

అవి నేను సిగ్గుపడుతూ దాచుకునే చుక్కలు. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. బకెట్లన్నీ తెల్లగా పొక్కులు కడతాయి. కడిగిన రీలు ఆరేటప్పుడు ఆ నీటిబొట్లు దాని మీదే ఎండిపోయి మచ్చలవుతాయి. ఆఖరి కడుగుడు క్యాను నీళ్ళతో చేస్తే పోతాయని ఎవరో చెబితే, ఆ రోజు ఆ పని చేద్దామనే క్యాను తెప్పించి పెట్టుకున్నాను. ఆ మాటా అతనికి చెప్పాను.

"వద్దండీ, దయచేసి బోరు నీళ్ళు మానేయకండి," అన్నాడతను. "అన్నా, సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ అంతా ఇలాగే కావాలి."

వాళ్ళు వెళ్ళిపోయాక నేను రీలు కడిగాను. మొదట్లో తీసినవి బాగానే వచ్చాయి. జిప్పు తెరిచినప్పుడు చక్రానికి బయట వేలాడుతున్నదంతా నల్లగా మాడిపోయింది. ఆ మాడినవాటిలో ఉన్నది ఒక్కరే. పట్టుచీర కట్టుకుని, ముక్కుపుడక సవరించుకుని, గడప మీద కూచుని గంటసేపు కదలకుండా ఫొటోలు తీయించుకున్న మా అత్తమ్మ.

"నేనేం జేసిన?" అంది ఆమె, నల్లటి రీలును కిటికీ దగ్గర పట్టుకుని చూస్తూ. "జిప్పు తీసిన. మళ్ళ మూసిన గదా. గంతకే పోతదా? గంత నాజూకుదైతే ఎందుకు పెట్టుకోవాలె?"

తర్వాతి వారమంతా మా ఆయన అవస్థ చూడాలి. కంప్యూటర్లో వేసిన చుక్కలేవీ దర్శకుడికి నచ్చలేదు. మరీ గుండ్రంగా ఉన్నాయన్నాడట. ఒక సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన హాల్లో నేల మీద అద్దం ముక్కలు పరిచి, బాత్రూం నుంచి మగ్గుతో నీళ్ళు తెచ్చి, వేళ్ళతో చిలకరించి, టేబుల్ ఫ్యాను పెట్టి ఆరబెడుతున్నారు. ఆరినవాటిని నా లైటు పలక మీద పెట్టి, నా స్టాండుతో, నా కెమెరాతో ఫొటోలు తీసుకుని సినిమా మీద పరుస్తారట.

నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూచున్నాను.

"మధ్యలో ఈ బాత్రూం ప్రయాణమంతా ఎందుకండీ?"

ఆయన తలెత్తలేదు. "జర ఫ్యాను స్పీడు తగ్గించు. చుక్కలు సాగుతున్నయ్," అన్నారు.

ఫ్లాష్‌బ్యాక్ దర్శకుడికి నచ్చింది. మా ఆయన నా గురించి ఎక్కడా చెప్పలేదని నేను సాధించాను కానీ, చెప్పి ఉంటే ఏమని చెబుతారు, మా ఆవిడకు రీలు కడగడం సరిగ్గా రాదని తప్ప. నేను మాత్రం క్యాను నీళ్ళకు మారిపోయాను.

అత్తమ్మ ఊరుకోలేదు. మళ్ళీ ఆదివారం రమ్మంది. షేక్‌పేట పాతవూరు సందులో అదే గడప మీద, అదే చీర కట్టుకుని కూచుంది. నవ్వమంటే నవ్వదు. "ఫొటోకు నవ్వేదేంది, సర్కస్సా?" అంటుంది. నేను పేరు పేరునా ఆమెకు గిట్టనివాళ్ళ గురించి అడిగి, మాటల్లో పెట్టి తీశాను. ఈసారి రీలు కడిగేటప్పుడు ముందే ఫోన్ చేసి, సాయంత్రం దాకా మా ఇంటికి రావద్దని బతిమాలుకున్నాను.

చాలా బాగా వచ్చింది. చుక్కల్లేవు. నేను అంతవరకు తీసినవాటిలో అదే మంచిది. పెద్దగా ప్రింటు వేయించి తీసుకెళ్ళి ఇస్తే ఆమె చేతులు తుడుచుకుని అందుకుని, దూరంగా పట్టుకుని చూసింది.

"మంచిగున్న. గని చీరేది?"

"కట్టుకున్నారుగా అత్తమ్మా."

"గిది నల్లచీర. నాది పచ్చది."

నలుపు తెలుపు ఫిల్ము గురించి నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, ఆమె కొడుకు వైపు తిరిగింది. "నువ్వు సినిమాలకు రంగులేస్తవ్ గదరా. గీ చీరకు పచ్చరంగు వెయ్యి."

పెద్ద పెద్ద హీరోల సినిమాలకు పనిచేసిన మనిషి ఆ సెలవురోజు పొద్దున్నుంచి మా ఇంట్లో కంప్యూటరు ముందు కూచున్నారు. వెనకాల కుర్చీలో అత్తమ్మ. "గిది చిలకపచ్చ. నాది గట్లుండదు." ఆయన మార్చారు. "గిప్పుడు నాచు లెక్కుంది." మళ్ళీ మార్చారు. మధ్యాహ్నం అన్నం తిని ఆమె ఆటోలో షేక్‌పేట వెళ్ళి, చీరే పట్టుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చీర మడత విప్పి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, తెరవైపు ఒకసారి, చీర వైపు ఒకసారి చూశారు. అంచు దగ్గర రంగు మడత లోపల ముదురుగా, మడత మీద వెలిసిపోయి ఉంది. ఎన్నేళ్ళు కట్టిందో మరి. ఆయన రెండు రకాలూ వేశారు. సాయంత్రానికి ఆమె, "ఆఁ, గిది నాది," అంది.

నలుపు తెలుపు ఫొటోలో చీర ఒక్కటీ పచ్చగా ఉండటం నాకు మొదట్లో ప్రాణసంకటంగా ఉండేది. ఇప్పుడు అలవాటైంది. ఆ ఫొటో షేక్‌పేటలో ముందుగదిలో ఉంది. ఇంటికి ఎవరొచ్చినా అత్తమ్మ చూపించి, మా కొడుకు రంగేసిండు అని చెబుతుంది. మరి తీసిందెవరని వాళ్ళు అడిగితే, అప్పుడు నా వైపు గడ్డం ఊపుతుంది.