మైక్రాన్ మామయ్య మోకాలు

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా వాడడం మానేశారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా చేసిన పనిని పక్కన పడేసి మళ్ళీ మొదలుపెడతాడని వీధి వీధంతా మైక్రాన్ మామయ్య అంటుంది. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో లేతు మిషను. దాని మీద ఇనప కడ్డీల్ని నున్నగా కోసి నీళ్ళ పంపులకు షాఫ్టులు చేస్తాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైపోయిన ముక్కల్ని ముందు పెట్టుకుని, అవెందుకు పాడయ్యాయో ఆలోచిస్తూ నేర్చుకున్నాడు.

ఎడమ మోకాలు సలుపుతోందని ఆసుపత్రికి వెళ్తే డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశాడు. "అరిగింది. నడవండి, వ్యాయామం చెయ్యండి" అన్నాడు. బయట జనం బారులు తీరి ఉన్నారు. ఆయన అంతకుమించి చెప్పలేదు, ఈయనా అడగలేదు.

మామయ్య చెవికెక్కింది మొదటి మాటొక్కటే. అరిగిన బేరింగును తిప్పితే ఇంకా అరుగుతుంది. మిగిలిన కాస్తయినా పదిలంగా కాపాడుకోవాలి. అలా లెక్కేసుకుని కుర్చీకి అతుక్కుపోయాడు.

"సింహాసనం దిగుతారా, అన్నం అక్కడికే పట్టుకురమ్మంటారా?" అనేది భార్య.

"నవ్వుకో. అరిగేది నీ మోకాలు కాదుగా."

కొన్ని నెలలు గడిచేసరికి కుర్చీలోంచి లేవాలన్నా బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. లేతు ముందు నిలబడితే కాలు వణికేది. ఊరి చివర పెద్ద వర్క్‌షాపు నడిపే బావమరిది వచ్చి ఉన్నమాట చెప్పాడు.

"బావా, నువ్వా నిలబడలేవు. మిషనేమో తుప్పు పట్టిపోతోంది. నెలాఖరుకి వ్యాను తెచ్చి నేను పట్టుకుపోతా. నా దగ్గరైతే పన్లో ఉంటుంది."

ఆ మధ్యాహ్నం మామయ్య లేతు మీద గుడ్డ కప్పాడు. కాసేపాగి తీసేశాడు. మళ్ళీ కప్పాడు. వంటింటి కిటికీలోంచి చూసిన భార్య మర్నాడు పొద్దున్నే ఆటో పిలిచింది.

ఆసుపత్రి వెనక గదిలో గోడ పొడవునా ఇనప కమ్మీ, రెండు కుర్చీలు, ఒక చెక్క మెట్టు. అక్కడ కీళ్ళకి వ్యాయామం నేర్పే ఫిజియో చిన్న వయసు అమ్మాయి. ఆమె నోరు తెరవకముందే మామయ్య అందుకున్నాడు.

"నడవమంటావని తెలుసమ్మా. నాకొక్క ముక్క చెప్పు. అరిగిన బేరింగును తిప్పితే ఏమవుద్ది?"

"పోతుంది బాబాయ్. కానీ మోకాలు ఇనుము కాదు. అందులో ఉండే మెత్తటి పొరకి రక్తం నేరుగా అందదు. కీలు కదిలితేనే దానికి తిండి."

"చెప్పడానికి బానే ఉంది."

ఆమె వాదన పెట్టుకోలేదు. సొరుగులోంచి టేపు తీసి ఆయన చేతికిచ్చింది. "మీరే కొలవండి. మోకాలి చిప్పకి జానెడు పైన, రెండు తొడలూ."

మామయ్య కొలిచాడు. నమ్మకం కలగక మళ్ళీ కొలిచాడు. భార్య సాయం పట్టబోతే, "ఏటవాలుగా పట్టావు, వదిలెయ్" అని కసిరి మూడోసారి కొలిచాడు. కుడిదానికంటే ఎడమ తొడ వేలి మందం సన్నబడింది.

"ఇదెప్పుడు తగ్గింది?"

"మీరు కుర్చీ ఎక్కాక."

ఆయన టేపు చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు: "పంపు కింద బోల్టులు వదులైతే షాఫ్టు ఊగుద్ది. అప్పుడు ఎన్ని బేరింగులు మార్చినా తినేస్తది."

"అంతే బాబాయ్. తొడ కండలే మీ బోల్టులు. బిగిద్దాం."

కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేవడం, కూర్చుని కాలు చాచి ఆపడం, వీధి మలుపు దాకా నడక. ఆమె నేర్పింది ఇంతే. మామయ్య మాత్రం బోల్టులు ఒక్కరోజులో బిగించేద్దామనుకున్నాడు. పొద్దుట చేశాడు, మధ్యాహ్నం చేశాడు, సాయంత్రం మార్కెట్టు దాకా నడిచొచ్చాడు. తెల్లారేసరికి మోకాలు బంతిలా వాచింది.

"చెప్పానా, అరిగినదాన్ని తిప్పకూడదని!" అంటూ మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. ఆసుపత్రికి రానని భీష్మించాడు. భార్య ఫోను కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"బాబాయ్, లావుపాటి కడ్డీని సన్నగా చెయ్యాలంటే ఒక్క కోతలో తీసేస్తారా?" అడిగింది ఫిజియో.

"ఎవడన్నా తీస్తాడా? టూలు విరిగిపోద్ది. పైపైన తీస్తూ రావాలి."

"మరి మోకాలి దగ్గరకొచ్చేసరికి ఆ తొందరేంటి?"

మామయ్య వాచిన మోకాలి వంక చూసుకున్నాడు.

"వాపు తగ్గనివ్వండి. ఇంట్లో మాత్రం అటూ ఇటూ తిరుగుతూ ఉండండి. తర్వాత సగంతో మొదలుపెడదాం. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటే భయం లేదు. మర్నాటికి పెరిగితే ఎక్కువ చేశారన్నట్టు."

అప్పటినుంచి భార్య కూడా నడకకు తోడు బయల్దేరింది. దారి పొడవునా ఆమె మాట్లాడుతూనే ఉండేది.

"కాసేపు ఊరుకోవే, ఊపిరి చూసుకుంటున్నా."

"మాట్లాడుతూ నడవగలిగితేనే సరైన నడకని ఆ అమ్మాయి చెప్పింది. మీ వంతు మాటలు కూడా నేనే మోస్తున్నా."

నెలాఖరున అన్నట్టే బావమరిది వ్యానుతో దిగాడు. షెడ్డులో లేతు తిరుగుతోంది. మామయ్య దాని ముందు నిలబడి ఉన్నాడు.

"బావా, ఆపు. మిషను బోల్టులు విప్పాలి."

"ఉండరా. కోత మధ్యలో ఆపితే గీత పడుద్ది."

కోత పూర్తయ్యాక మిషను కట్టేసి స్టూలు మీద కూర్చున్నాడు. కాలు చాచి, దించి, మళ్ళీ చాచాడు. తర్వాత చేతులు గుండెలకు కట్టుకుని మెల్లగా లేచాడు.

"నొప్పి పోయిందా?"

"పోలేదు. నిన్నటికంటే పెరగలేదు."

"ఇలా కూర్చుంటూ లేస్తూ ఎన్ని షాఫ్టులు చేస్తావు?"

"ఇదివరకు చేసినన్ని చెయ్యలేను. పెద్ద పనులు నీ దగ్గరికే పంపుతా. చిన్నవి ఇక్కడే చేసుకుంటా."

బావమరిది షాఫ్టు మీద వేలు రాసి చూశాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. గుమ్మం దగ్గరకెళ్ళి, వ్యాను వెనక్కి తిప్పమని డ్రైవరుకు చెప్పొచ్చాడు.

"ఊరికే నిలబడ్డావేంట్రా? షాఫ్టు ఆ చివర పట్టుకో, కొలవాలి" అన్నాడు మామయ్య.