రెండు వేళ్ళు ఎక్కువ

మా ఆవిడ పెట్టిన షరతులో మెలికలేమీ లేవు. "హిందూపురం దాకా చెడిపోకుండా పోయిందా, ఈ బండి మనింట్లో ఉంటాది. దారిలో మొరాయించిందా, ఆడనే అమ్మేస్తాం. హిందూపురంలో మా తమ్మునికి చెప్పిపెట్టినా. కొనేటోడు రెడీగా ఉండాడు."

బండి అంటే పాత డీజిల్ మినీ బస్సు. సీట్లు పీకించి మంచం, గ్యాస్ స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము పెట్టించి ఇల్లు చేశాను. జీవితమంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నవాడికి నాలుగూళ్ళు తిరగాలని ఉండదా? ధర్మవరంలో అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వను కూడా నవ్వలేదు.

బయల్దేరే ముందురోజు ఇంజన్ కీచుమని అరవసాగింది. మూత ఎత్తి చూస్తే ఫ్యానునూ డైనమోనూ తిప్పే జంట బెల్టులు బీటలు వారి ఉన్నాయి. మెకానిక్‌ను పిలిస్తే మా ఆవిడకు తెలిసిపోతుంది. అందుకని నేనే మార్చడానికి దిగాను.

బెల్టు మీద నంబరు అరిగిపోయింది. అయితేనేం, టేపు ఉంది కదా! పాత బెల్టు చుట్టూ కొలిచి, అలవాటుకొద్దీ రెండు వేళ్ళు ఎక్కువ కలిపి చీటీ రాశాను. బట్ట ఏదైనా మా ఇంట్లో అంతే, కుదించుకుపోతుందని కొంచెం ఎక్కువే కొలుస్తాం.

విడిభాగాల అంగడాయన చీటీ చూసి తల గోక్కున్నాడు. "ఇంత పొడుగెందుకన్నా?"

"కుదించుకుంటాది లేప్పా."

"రబ్బరు యాడన్నా కుదించుకుంటాదా? సాగుతాది గానీ!"

"నాకే చెప్తావా కొలతలు?" అని గద్దించి తెచ్చేశాను. అబ్బ, ఎంత సులువుగా ఎక్కాయో ఆ బెల్టులు! పానా కూడా ముట్టనక్కర లేకపోయింది. కీచుమనడం ఆగింది. ఆ సంబరంలో మా ఆవిడ దగ్గర నేనే బయటపడి, నా పనితనం గురించి రాత్రి అన్నం తినేంతసేపూ కోతలు కోశాను.

పెనుకొండ దగ్గరికొచ్చేసరికి బ్యాటరీ లైటు వెలిగింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. మూత కింద నుంచి కాలిన రబ్బరు వాసన. బండి పక్కకు ఆపి స్టీరింగ్ పట్టుకొని అట్లాగే కూర్చుండిపోయాను. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

చల్లారాక మా ఆవిడే మూత ఎత్తింది. బెల్టును బొటనవేలితో నొక్కితే ఉయ్యాలలా వంగింది. "ఏమయ్యా, దీనికి గానీ రెండు వేళ్ళు ఎక్కువేసినావా?"

నేను నా రెండు వేళ్ళ వైపు చూసుకున్నాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! పడుగు దారాలు వదులైతే మగ్గం మీద బిగించుకోమా? దీనికీ ఏదో ఒకటి ఉండాల కదా." వంగి వెతికింది. డైనమో దగ్గర పొడుగాటి కంతలో ఒక బోల్టు ఉంది. అది అటూ ఇటూ జరుపుకోవడానికే అని నాకు అప్పుడే తెలిసింది. ఆమె బోల్టు వదులు చేసింది, నన్ను జాకీ రాడ్డుతో డైనమోను వెనక్కి తన్ని పట్టమంది. "ఇంగా, ఇంగా... చాలు, కదిలించొద్దు!" బోల్టు బిగించాక బెల్టులను నొక్కి చూసింది, అచ్చం పడుగును చూసినట్టు. రేడియేటరుకు డ్రమ్ములో నీళ్ళు పోశాం. బండి కదిలింది.

కదిలితే ఏం లాభం? షరతు షరతే. బండికి ఎంత ధర అడగాలా అని లెక్కలేసుకుంటూ హిందూపురం దాకా నడిపాను.

బామ్మర్ది వీధిలోనే ఎదురొచ్చాడు. పక్కనే కొనేవాడు. "ఏం బావా, యాడన్నా నిలిచిందా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. "నిలిచింది. పెనుకొండ కాడ."

నేను బండి తాళాలు జేబులోంచి తీశాను.

"టీ తాగల్లని నేనే నిలపమన్నా. బండి రాయి మాదిరి ఉండాది. మేం అమ్మేది లేదని ఆయప్పకు చెప్పు."

బామ్మర్ది మొహం చిన్నబుచ్చుకొని లోపలికెళ్ళి కాఫీ తెచ్చాడు. "తీసుకోక్కా." ఆమె తీసుకోలేదు. మోచేతుల దాకా గ్రీజు అంటిన చేతులు రెండూ కనబడకుండా కొంగులో చుట్టుకొని నిలబడి ఉంది.

ఆ గ్లాసు నేను అందుకొని, అందరి ముందూ ఆమెకు తాగించాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.