మస్తాన్‌బీకి ఇచ్చిన రెస్టు

ఏడాదికోసారి కారం పట్టించుకోవడానికి గుంటూరులో మా వీధి చివర మరకు వెళ్తాను. ఆ ఘాటు గుమ్మం దగ్గరే ఎదురొచ్చి, ముక్కులో దూరి, గొంతులోకి దిగి, చివరికి కళ్ళలోంచి నీళ్ళయి బయటికొస్తుంది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరం కొంగులూ చున్నీలూ మొహాలకు చుట్టుకుని, ఎవరి డబ్బాను వాళ్ళం కనిపెట్టుకుంటూ, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య కబుర్లు చెప్పుకుంటాం. ఈసారి మరలో గోడకు ఒక టీవీ తగిలించారు. అందులో కబడ్డీ. ఆట అయిపోయింది గానీ, కోట్లు తొడుక్కున్న ముగ్గురు కూర్చుని, ప్లేఆఫ్స్‌కు ఎలాగూ చేరిపోయిన జట్టు ఆఖరి లీగ్ మ్యాచ్‌లో తన మంచి ఆటగాళ్ళను ఆడించాలా, రెస్టు ఇవ్వాలా అని తెగ వాదించుకుంటున్నారు. దెబ్బలు తగులుతాయని ఒకాయన, ఆడకపోతే ఊపు పోతుందని ఇంకొకాయన. మర ఆడించే పెద్దమనిషి కారం జల్లిస్తూ, "రెస్టిస్తేనే మంచిదండీ" అని నాకు తీర్పు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆయనకేం తెలుసు. ఈ వాదన మా ఊళ్ళో ఎప్పుడో జరిగింది, తీర్పూ వచ్చింది, దాంతో ఒక పిల్ల బతుకు తెల్లారిపోయింది.

మా ఊరు చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు పోయే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. వాన పడితే ఆ మట్టి కాళ్ళ చెప్పుల్ని ఊడబెరుక్కునేది, ఎండితే బొటనవేలు దూరేంత నెర్రెలిచ్చేది. దసరా దాటాక పత్తి విచ్చి చేలన్నీ తెల్లబడేవి. చలి ముదిరేకొద్దీ ఆ తెలుపు పలచబడి, పక్క చేలల్లో మిరప ఎర్రబడేది. పండుమిరపకాయలూ చింతపండూ ఉప్పూ రోట్లో వేసి నాయనమ్మ తొక్కుతుంటే, ఆ వాసనకే నోట్లో నీళ్ళూరి, వేడన్నం పళ్ళెం పట్టుకుని రోటి చుట్టూ తిరిగేవాళ్ళం. వసారాలో మిరపకాయల బస్తాల పక్కనే ఉండే అరిసెల డబ్బా కూడా ఆ నెలల్లో ఘాటెక్కి, తియ్యటి అరిసె తిని తుమ్మడమనే వింత మా ఇంట్లోనే జరిగేది. పెద్దవాళ్ళకు అది కోతల కాలం. మాకు మాత్రం జనవరి జెండా పండగ కాలం. ఆ పండగకు చుట్టుపక్కల నాలుగు హైస్కూళ్ళ ఆడపిల్లలకు మా బడిలోనే కబడ్డీ పోటీలు పెట్టేవాళ్ళు. డ్రిల్లు మాస్టారు ముందు నుంచే మా చేత బడి వెనక గట్టినేలను గుల్ల చేయించి, ఇసుకా వరిఊకా కలిపి పరిపించి, ముగ్గుపిండితో గీతలు గీయించేవారు.

మా జట్టంతా ఒక ఎత్తు, మస్తాన్‌బీ ఒక్కతే ఒక ఎత్తు. వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడు. చలికాలం పొద్దుటిపూట వాళ్ళ పాక ముందు దూది ఏకే విల్లు టంగు టంగుమని మోగుతుండేది. గాలిలో లేచిన దూది పింజలు జడలకు అంటుకునే ఉండగా, దులుపుకోకుండానే బడికొచ్చేది మస్తాన్‌బీ. ఆయన జ్వరంతో పోయాక ఆ చప్పుడు ఆగిపోయింది, వాళ్ళమ్మ ఖాసింబీ కూలి ముఠాలో చేరింది. అయినా ఈ పిల్ల గీత దాటి కూత మొదలుపెట్టిందంటే అవతలి జట్టు పట్టుకోవడం మానేసి, ఎప్పుడు ఆపుతుందా అని నోళ్ళు తెరుచుకుని చూసేది. కబడ్డీలో కూత తెగితే అవుటే కదా. దాని కూత తెగగా మేమెవరం వినలేదు. నాకు దానిమీద అసూయ ఉండేది, ప్రేమా ఉండేది, రెండూ ఒక్క గంటలోనే మారుతుండేవి.

ఆ ఏడు మేం తొమ్మిదో తరగతి. ఫైనల్ చూడటానికి జిల్లా నుంచి సెలెక్షన్ సార్లు వస్తున్నారనీ, వాళ్ళకు నచ్చిన పిల్లను స్పోర్ట్స్ హాస్టల్‌కు తీసుకుంటారనీ, తిండీ చదువూ అక్కడేననీ మాస్టారు చెప్పారు. చెప్పి ఊరుకోకుండా ఖాసింబీ పాకకు వెళ్ళి మాట కూడా తీసుకున్నారు. మేమూ ఆయన వెనకే వెళ్ళాం.

"సీటొస్తే పంపిస్తా సారూ, నాకు మాత్రం ఇష్టంలేకనా? రాకపోతే ఇంక బడి మానిపించి ముఠాలోకి తీసకపోతా. కింద ఇద్దరు చిన్నోళ్ళున్నారు, నా ఒక్కదాని రెక్కల మీద నడవట్లా" అంది ఖాసింబీ.

మొదటి రెండు ఆటలూ గెలిచాం. ఫైనల్‌కు చేరిపోయాం. జెండా పండగ నాడు ఫైనల్, ముందు రోజు ఆఖరి లీగ్ ఆట. అది గెలిచినా ఓడినా ఒరిగేదేమీ లేదు. రెండో ఆటలో మస్తాన్‌బీ మోకాలు కాస్త చెక్కుకుపోయింది. దాంతో ఆ సాయంత్రం మా అరుగు మీద పంచాయితీ పెట్టారు. మా తాతయ్యకు బండలాగుడు పోటీల కోసమే మేపే ఒంగోలు ఎడ్ల జత ఉండేది. తిరునాళ్ళకు ఇంకా ఎన్నో రోజులున్నా వాటిని నాగలికి గానీ బండికి గానీ కట్టనిచ్చేవాడు కాదు. ఉలవలు ఉడికించి పెట్టి, పొద్దునా సాయంత్రం ఒళ్ళు రుద్దించి, ఈగ వాలితే విసుక్కునేవాడు.

"ఆడే పిల్ల ఆడుతుంటేనే ఒళ్ళు వేడి మీదుంటదండీ" అన్నారు మాస్టారు, కొంచెం నసుగుతూ.

"ఏం మాట్లాడతారు మాస్టారూ! పందేనికి పోయే ఎద్దుని ముందురోజు కాడి కిందకి తెస్తామా? రేపు ఆ పిల్ల కాలు మడతపడితే ఎవరిది పూచీ? కూర్చోబెట్టండి" అన్నాడు తాతయ్య.

అరుగు మీదున్న అందరూ తలూపారు. మాస్టారూ ఊపారు. రెస్టు అనే మాట అందరి నోళ్ళలోనూ ఎంతో పెద్దరికంగా తిరిగింది. అరుగు కింద నిలబడ్డ మస్తాన్‌బీ మాత్రం, "నాకేం కాలా సార్, ఆడతా సార్" అని బతిమాలింది. "వద్దమ్మా, రేపంతా ఇంటిదగ్గర పడుకో" అన్నారాయన. "ఇంటిదగ్గరా?" అంది అది. ఇంకేదో అనబోయి మా తాతయ్య వంక చూసి ఊరుకుంది.

మర్నాడు దాని బదులు నన్ను ఆడించారు. నా ఆట గురించి చెప్పకపోవడమే మంచిది. కూతకు వెళ్ళిన ప్రతిసారీ పిల్లిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఓడిపోయినా ఎవరికీ చింత లేదు, రేపు మస్తాన్‌బీ ఉందిగా అని పాడుకుంటూ ఇంటికొచ్చాం. దొడ్డిగుమ్మంలో అడుగుపెట్టేసరికి నూతి పళ్ళెం దగ్గర గొంతుక్కూర్చుని మస్తాన్‌బీ. తలకు తుండుగుడ్డ, కళ్ళు చింతనిప్పులు. నాయనమ్మ దాని దోసిట్లో మజ్జిగ పోస్తోంది. ఆ రోజు మా చేలో మిరపకోత. పొద్దుటంతా వంగి కాయ కోసి, మధ్యాహ్నం నుంచి కల్లంలో ఎండుకాయలు తిరగేసి తాలుకాయ ఏరింది.

"నువ్వేంటే ఇక్కడ?" అన్నాను.

"ఆట లేదన్నారుగా. ఖాళీగా ఉండి ఏం చేస్తావు, రా అంది అమ్మ" అని దగ్గింది.

అప్పుడే తాతయ్య ఉలవల బుంగ పట్టుకుని కొట్టంలోకి వెళ్తూ, "ఏమ్మే మస్తానూ, రేపు మన ఊరి పేరు నిలబెట్టాలి" అన్నాడు. ఎగతాళికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. తన చేలో, తన కల్లంలో, తన కళ్ళముందే ఆ పిల్ల పొద్దుటి నుంచీ పనిచేసిందన్నది ఆయనకు తట్టనేలేదు. మా తాతయ్య చెడ్డవాడు కాదు. ఎద్దు మీదున్న ఎరుక మనిషి మీద లేకపోవడం ఆయనొక్కడి జబ్బు కాదు, మా ఊరి జబ్బు.

ఫైనల్‌కు ఊరంతా వచ్చింది. జేబులకు కాగితపు జెండాలు, చేతుల్లో బడివాళ్ళు పంచిన బూందీ పొట్లాలు. సెలెక్షన్ సార్ల పక్కన కుర్చీలో తాతయ్య. మస్తాన్‌బీ మొదట్లో బాగానే ఆడింది. మధ్యమధ్య గోడ చాటుకు పోయి దగ్గుతుంటే నీళ్ళిచ్చాను. చివరికి రెండు జట్లూ సమానమై, ఆఖరి కూత దాని వంతయింది. గీత దాటి, మూలనున్న పిల్లను తాకి, వెనక్కి తిరిగింది. ఒక్క అంగ వేస్తే మా గీత. అక్కడ గొంతులోంచి దగ్గు తన్నుకొచ్చింది. నోరు మూసుకుని ఆపాలని చూసింది గానీ కారం ఘాటు పట్టిన గొంతు ఎవరి మాట వింటుంది? కూత తెగింది, ఈల మోగింది.

"పిల్ల చురుకైందే గానీ కూత నిలవట్లేదండీ" అన్నారు సెలెక్షన్ సారు, పక్కూరి పిల్ల పేరు రాసుకుంటూ.

"నిన్న రెస్టు కూడా ఇచ్చామండీ" అన్నారు మాస్టారు, బిత్తరపోయి.

"నిన్న కోతకు పోయింది సార్, మా చేలోకే" అన్నాను నేను గట్టిగా. మాస్టారు తాతయ్య వంక చూశారు. తాతయ్య జెండా వంక చూశాడు. మర్నాటి నుంచి మస్తాన్‌బీ బడికి రాలేదు. తలగుడ్డ చుట్టుకుని ముఠాతో పోతుంటే తరగతి కిటికీలోంచి చూసి ఏడ్చేదాన్ని. అది తలెత్తేది కాదు.

మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళికి మా ఊరు వెళ్ళాను. బడికి డ్రిల్లు మాస్టారు లేరు, ఆడపిల్లల జట్టు అనేదొకటి ఉండేదని చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. మేం ఇసుక పరిచిన చోట టార్పాలిన్లు పరిచి కాయలు ఆరబోసుకుంటున్నారు. దూది ఏకేవాళ్ళు లేరు, తాతయ్యా లేడు. రోడ్డు మీద కూలీల ఆటో ఆగితే అందులోంచి మస్తాన్‌బీ దిగింది. ఇప్పుడు ఆ ముఠాకు మేస్త్రి. "బాగుండారా పద్మమ్మగారూ" అంది. ఒకప్పుడు ఒసేయ్ పద్మా అని వీధి అదిరేలా పిలిచిన మనిషి. ఆ 'గారు' నాకు చెంపదెబ్బలా తగిలింది.

రెండు మాటలు కూడా అనుకోలేదు, వెనక నుంచి పదేళ్ళ పిల్ల ఒకతి మరిచిపోయిన అన్నం క్యారేజీ పట్టుకుని, చెప్పుల్లేకుండా దున్నిన చేలకడ్డంగా పరుగెత్తుకొచ్చింది. పెళ్ళల మీద కాలు ఆనిందో లేదో తెలియలేదు. వచ్చి నిలబడితే ఊపిరి ఎగపోయడం కూడా లేదు. మస్తాన్‌బీ మనవరాలట.

"ఏం పరుగే ఇది! దీన్ని ఆటల్లో పెట్టాలి, గుంటూరులో నేను కనుక్కుంటాను" అన్నాను.

మస్తాన్‌బీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మా, నీకు దణ్ణం పెడతా. పరుగొచ్చని దాని ముందు అనమాక. ఆశ పుట్టుద్ది."

ఆ పిల్ల అప్పటికే వింది. క్యారేజీ అవ్వ చేతికివ్వడం మరిచిపోయి నా మొహంలోకే చూస్తోంది.